సగం గాడి

కంప్యూటరు ఆటలో తుపాకీకి పదకొండు బొమ్మలు చాలు. నిశ్చలంగా ఉన్నప్పుడు ఒకటి, పేలేటప్పుడు మూడు, వెనక్కి తన్నినప్పుడు రెండు, మళ్ళీ మందు కూరేటప్పుడు అయిదు. ఆడేవాడికి తుపాకీ ఎప్పుడూ పూర్తిగా కనబడదు. తెర కింది అంచున, కాస్త కుడిగా, రెండు చేతుల మధ్య, దాని వీపు మాత్రమే కనబడుతుంది. ముప్పై ఏళ్ళ కిందటి ఆటలు అలాగే ఉండేవి: ముతక చుక్కలు, చీకటి గదులు, ఎదురుగా వచ్చే ప్రతిదాన్నీ కాల్చుకుంటూ పోవడం. ఆ ముతకదనాన్నే ఇప్పుడు కోరి కొనుక్కునేవారున్నారు. గుంటూరులో ఒక మేడ మీద నలుగురం కూర్చుని అలాంటి ఆటను తయారు చేస్తున్నాం. అందులో తుపాకులు గీయడం నా పని.

ఆ సంస్థ బెన్నీది. ఇంజనీరింగులో నా సహాధ్యాయి. అతను పెట్టిన నియమం ఒక్కటే: ఆటలోని ప్రతి తుపాకీ లోకంలో నిజంగా ఉన్నదై ఉండాలి.

"ఆటలో దెయ్యం ఎట్లా ఉన్నా ఎవడూ అడగడురా సాదిక్," అనేవాడు. "తుపాకీలో ఒక్క మర తేడాగా ఉందనుకో, ఎక్కడో ఫిన్లాండ్‌లో ఒకడు నిద్ర మానుకుని మూడు పేజీల మెయిల్ కొడతాడు."

పోలీసుల పాత త్రీనాట్‌త్రీని, రెండు పిస్తోళ్ళను ఫొటోలు చూసి గీశాను. మిగిలింది కథానాయకుడి మొదటి ఆయుధం. అది మన పల్లెల్లో పంటకు కాపలా కాసే నాటు తుపాకీ కావాలని బెన్నీ పట్టుబట్టాడు. గొట్టం ముందునుంచి మందూ రవ్వలూ కూరేది.

"మీ నాన్న చేతుల మీదుగా పోయినవే గదరా అన్నీ. ఫొటోలు పట్టుకురా."

"షాపు మూసేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు తుపాకీ ఎవడిస్తాడు?"

"అయితే చెక్కతో చేయించు. పాత ఆటల్లో చేసిందదే. బొమ్మ తుపాకీ పెట్టి ఫొటోలు తీసి, వాటినే చుక్కలు చేసేవాళ్ళు. ఆయనక్కూడా పొద్దుపోతుంది."

సరేనన్నాను. ఆ సరే అనే ముందు నేను ఆలోచించవలసింది ఒకటుంది. అది ఇక్కడే చెప్పాలి.

మా నాన్న ఖాదర్ వలి నలభై ఏళ్ళు తుపాకులు బాగుచేశాడు. లైసెన్సు ఉన్న షాపు. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకీ ఉన్న ప్రతి రైతూ దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. అంతా ముగిశాక తిరిగి ఇస్తారు. ఆ నెలలన్నీ గోడకు ఆనించి ఉన్న తుపాకులు తుప్పు పడతాయి. అందుకే ఎన్నికల తరవాత మా షాపుకు సీజను. గుంటూరు యార్డులో మిర్చికి ఫిబ్రవరి ఎలాగో, ఎన్నికల ఏడు మాకు జులై అలాగ.

రెండువేల పందొమ్మిది జులైలో కనిగిరి అవతలి పల్లె నుంచి జక్రయ్య తన తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని వచ్చాడు. నాన్నకు పాతికేళ్ళ ఖాతాదారు. రెండెకరాల కంది, ఎకరం వేరుశనగ. ఏటా పందులు పడి దున్నేస్తాయి.

గొట్టం వెనక ఉండి, నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ మీద కొట్టి మందును అంటించే సుత్తిని మా షాపులో గుర్రం అనేవాళ్ళం. దాన్ని పూర్తిగా వెనక్కి లాగితే తుపాకీ పేలడానికి సిద్ధం. సగం లాగి వదిలితే లోపల ఒక గాడిలో ఆగుతుంది. ఆ సగం గాడిలో ఉన్నంతసేపూ మీట నొక్కినా పేలకూడదు, కింద పడినా పేలకూడదు. మంచె మీద కాపలా కాసే మనిషికీ ప్రమాదానికీ మధ్య ఉన్న గోడ అదొక్కటే. నాన్న తుప్పు గీకుతుండగా ఆ గాడి అంచు రాలిపోయింది. కొత్త ముక్క చేయడానికి వారం పడుతుంది. పంట కాపలాకు జక్రయ్యకు ఆ రోజే తుపాకీ కావాలి. గాడి సంగతి తెలియకముందే, బజారు చూసుకుని బస్సు దగ్గర ఉంటానని వెళ్ళిపోయాడు.

నాన్న తుపాకీని బిగించి, సంచిలో చుట్టి, నా చేతికిచ్చాడు. లైసెన్సు లేని నా చేత పంపడం తప్పని ఆయనకు తెలుసు. కానీ బస్సుకు వేళయింది.

"జక్రయ్యకు చెప్పు. సగం గాడి పనిచెయ్యట్లేదు. మందు కూరి అట్లా పెట్టొద్దు. వారం పోయాక తీసుకురా. ఈ మూడు ముక్కలూ చెప్పు. మర్చిపోకు."

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. చదువు ముగిసింది, ఉద్యోగం లేదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో ఆట ఉంది, ఆటలో నేనింకా చావలేదు. జక్రయ్య కనిగిరి బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో సంచి అందించాను. "వస్తా నాయనా," అన్నాడు. తెర మీంచి చూపు తీయకుండా తల ఊపాను. బస్సు కదిలింది.

సాయంత్రం నాన్న అడిగాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరేనన్నాడు."

మొదటి అబద్ధం నన్ను కాపాడుకోవడానికి ఆడాను. రెండోది అడిగినందుకు ఆడాను. రెండోదే పెద్దదని ఇప్పుడు తోస్తుంది. అందులో ఇంకొక మనిషి చేత మాట్లాడించాను.

వారం పోయినా జక్రయ్య తుపాకీ తేలేదు; పొలం పనుల్లో పడ్డాడనుకున్నాడు నాన్న. అక్టోబరులో ఒక సాయంత్రం జక్రయ్య మందు కూరిన తుపాకీని సగం గాడిలో పెట్టి, మంచె నిచ్చెనకు ఆనించాడు. ఆయన భార్య పుల్లమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. తుపాకీ జారింది. జక్రయ్య పట్టుకోబోయాడు. భుజానికి ఆనించే చెక్క మడమ నేలకు తగిలింది, పేలింది. రవ్వలు పుల్లమ్మ మెడలో దిగాయి.

తాను గుర్రాన్ని పూర్తిగా ఎత్తి మరిచిపోయి ఉంటాననీ, పట్టుకోబోయిన వేలే మీటకు తగిలిందనీ జక్రయ్య నమ్మాడు. పోలీసులకూ అదే చెప్పాడు. పడినప్పుడు లోపలి భాగాలు విరిగాయి. విరగక ముందు గాడి ఎలా ఉండేదో చెప్పగలిగినవాడు మా నాన్న ఒక్కడే. ఆయన్ను అడిగారు. "బాగుచేసే ఇచ్చాను. తనే వచ్చి తీసుకెళ్ళాడు," అన్నాడు నాన్న. లైసెన్సు భయం ఒకటి. నా పేరు రాకూడదన్న భయం ఇంకొకటి. మూడోది కూడా ఉంది: చెప్పి పంపినా జక్రయ్య వినలేదన్న నమ్మకం. ఆ నమ్మకం నేనిచ్చింది. ఆయన అబద్ధం నా అబద్ధం మీద ఆనుకుని నిలబడింది.

జక్రయ్యకు నిర్లక్ష్యం కింద ఏడాది జైలు. పుల్లమ్మ పోయిన మరుసటి నెలలోనే నాన్న షాపు మూసేశాడు. ఎందుకని ఇంట్లో ఎవరం అడగలేదు.

ఇదంతా తెలిసినవాణ్ణి. అయినా నాన్న దగ్గరికి వెళ్ళి, చెక్కతో ఒక నాటు తుపాకీ చేసిపెట్టమన్నాను.

ఆయన మొదట నా కంప్యూటరు ముందుకొచ్చి కూర్చున్నాడు. అప్పటికి అయిన భాగం ఆడి చూపించాను. పిస్తోలు పేలినప్పుడల్లా ఖాళీ తూటా తెర మధ్యకు గెంతుతోంది. నాన్న ముందుకు వంగాడు.

"అవి ఎడమకు దూకుతున్నాయేంట్రా? ఆ పిస్తోలుకు తూటా ఊడిపడే కన్నం కుడివైపుంటుంది గదా?"

"కుడికి దూకితే ఆడేవాడికి సరిగ్గా కనబడదు నాన్నా. అందుకని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. అందరూ అట్లాగే చేస్తారు."

"చూసేవాడి కోసం తుపాకీనే తిప్పేశారా?" నవ్వాడు. "పర్లేదు. మనుషులు కూడా అంతే."

ఆయన ఎవరిని ఉద్దేశించి అన్నాడో అడగలేదు.

ఇరవై రోజులు పట్టింది. తుమ్మచెక్క తెచ్చి మడమ చెక్కాడు. నీళ్ళ పైపు ముక్కను గొట్టం చేశాడు. పాత గడియారం స్ప్రింగు, ఇనుప రేకులు ఆకురాయితో అరగదీసి లోపలి పని మొత్తం అమర్చాడు. అక్కర్లేదన్నాను, పైకి కనబడితే చాలన్నాను. "లోపల లేకపోతే పైన ఎట్లా కదులుద్దిరా?" అన్నాడు. వణికే చేతులు ఆకురాయి పట్టగానే వణకడం మానేవి. ఆరేళ్ళలో ఆయన్నంత ప్రశాంతంగా చూడలేదు.

వసారాలో నీలం దుప్పటి కట్టి, తుపాకీని చెక్కపీట మీద నిలబెట్టి ఫొటోలు మొదలుపెట్టాను. మందు కూరే బొమ్మలకు గుర్రం సగంలో ఆగి ఉండాలి. లాగి నిలబెట్టాను. కెమెరా వరసగా నొక్కుతుండగా పీట కొద్దిగా కదిలింది. టక్‌మని గుర్రం పడింది. మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ పడింది. మూడోసారి వేలితో మడమను మెల్లగా తట్టి చూశాను. పడింది.

"నాన్నా, సగం గాడి ఆగట్లేదు."

"ఆగదు," అన్నాడు నాన్న, మంచం మీద నుంచే.

"ఎందుకని?"

నాన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడే తనకూ తెలిసినట్టుగా అన్నాడు: "జక్రయ్యది ఆగేది కాదు గదరా. ఇట్లాంటిది ఈ చెయ్యి ఆఖరున బిగించింది దాన్నే. దానికి అదే గుర్తున్నట్టుంది."

నేను కెమెరాను పట్టుకుని నిలబడ్డాను.

"పాపం పుల్లమ్మ," అన్నాడు. "జక్రయ్య ఎప్పుడొచ్చినా మనకు కంది బేడలు పంపేది. జక్రయ్యకు చెప్పినా చెవికెక్కలా. నేనే బస్టాండుకు పోయి చెప్పాల్సింది. నువ్వు కుర్రోడివి, నీ మాట ఏం లెక్కచేస్తాడు!"

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. గాడిలో ఇంత మైనం కూరి, గుర్రాన్ని నిలబెట్టి, మిగిలిన ఫొటోలు తీశాను.

చేయనిది కూడా చేసినదేనని ఈ ఆరేళ్ళలో నేను చదివిన పుస్తకాల్లో ఒకటి వాదిస్తుంది. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. గీత గీసిన చెయ్యీ సంచి అందించిన చెయ్యీ ఒకటే. చదివిందంతా చెప్పకుండా ఉండడానికే చదివానేమో. ఆలోచిస్తున్నంతసేపూ ఒప్పుకుంటున్నట్టే అనిపిస్తుంది. ఎవరూ వినరు.

రెండో రోజు బెన్నీ ఫొటోలన్నీ వరసగా ఆడించి చూశాడు. మైనం పెట్టక ముందు తీసినవి మూడు వాటిలో కలిసిపోయాయి. తెర మీద గుర్రం దానంతటదే పడింది.

"ఇదేంట్రా? నొక్కకుండానే పేలుతోంది?"

"ఆ తుపాకీ అట్లాగే పేలేది."

"బగ్గురా బాబూ. తీసెయ్."

"నిజంగా ఉన్నదే కావాలన్నావు గదా?"

"మర వరకూ నిజం కావాలన్నా గానీ, మరీ ఇంత నిజమెందుకు నాయనా! ఆడేవాడు నొక్కితేనే పేలాలి. నొక్కకుండా పేలి చచ్చాడనుకో, గేమ్ మోసం చేసిందని తిడతాడు."

అతను చెప్పింది సబబే. ఆటలో ప్రతి పేలుడుకూ ఒక వేలు ఉంటుంది. ఉండి తీరాలి, లేకపోతే అది ఆట కాదు. జక్రయ్య కూడా అలాగే ఆలోచించాడు. పేలింది కాబట్టి ఒక వేలు ఉండాలి. చుట్టూ చూస్తే తన వేలొక్కటే కనబడింది.

ఆ మూడు బొమ్మలూ తీసేశాను. ఇంటికి వెళ్ళి నాన్న ఎదురుగా కింద కూర్చున్నాను.

"నాన్నా, ఆ రోజు నేను చెప్పలేదు."

"ఏ రోజు?"

"బస్టాండులో. జక్రయ్య బాబాయికి. సంచి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు."

నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

"వాడు నా మాట వినలేదని ఆరేళ్ళు వాణ్ణే తిట్టుకున్నానురా," అన్నాడు. "జైలుకు పోతుంటే కూడా, పొగరుకు తగిన శాస్తి అనుకున్నా. నీ మాట పట్టుకుని."

లేచి వెళ్ళి చెక్క తుపాకీని తెచ్చాడు. సూదితో గాడిలోని మైనాన్ని పూర్తిగా తీసేశాడు. పాత దుప్పటిలో చుట్టాడు.

"పొద్దున్నే కనిగిరి బస్సు ఎన్నింటికి?"

అద్దంకి దాటేదాకా రోడ్డు పక్క పత్తి తీస్తున్నారు. పొదిలి దాటాక పొలాల రంగు మారింది. చుట్టిన తుపాకీని నాన్న ఒళ్ళోంచి దించలేదు.

జక్రయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మేకకు పలుపు పేనుతున్నాడు. బాగా చిక్కాడు. నాన్నను చూసి లేచి నిలబడ్డాడు.

"ఓరి దేవుడా, ఖాదరయ్యా! దారి తప్పొచ్చావా ఏంది?" నా వైపు చూశాడు. "ఈడు నీ కొడుకే గదా? ఏరా, ఫోను వదిలావా, ఇంకా లేదా? ఆ రోజు బస్సు కాడ నా మొహం కూడా చూళ్ళా నువ్వు!" నవ్వాడు.

ఆయనకు ఆ రోజు గుర్తుంది. నేను చూడని మొహం నన్ను చూసింది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. నేను తాగకుండా చెప్పడం మొదలుపెట్టాను. గాడి సంగతి, మూడు ముక్కల సంగతి, సాయంత్రం ఆడిన అబద్ధం. నాన్న దుప్పటి విప్పి, గుర్రాన్ని సగం గాడిలో పెట్టి, తుపాకీని అరుగుకు ఆనించి, మెల్లగా జారవిడిచాడు. మడమ నేలకు తగిలింది. టక్‌మంది.

"నీ తుపాకీ గాడి కూడా ఇంతే. మీట మీద ఎవరి చెయ్యీ లేదు జక్రయ్యా," అన్నాడు నాన్న. "నీదీ లేదు. పోలీసులకు నేను చెప్పింది అబద్ధం."

జక్రయ్య తుపాకీని తీసుకున్నాడు. సగం లాగాడు. ఆనించాడు. వదిలాడు. టక్. మళ్ళీ లాగాడు, మళ్ళీ వదిలాడు. ఎన్నిసార్లో. ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి పట్టుకోవడానికన్నట్టు ముందుకు వచ్చి, గాలిలో ఆగిపోయేది.

చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"జైలుకు పొయ్యొచ్చా. అది పర్లా," అన్నాడు. "బయటికొచ్చాక ఆదివారం ఆదివారం ప్రార్థన మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పా. నా చేత్తో నా పెళ్ళాన్ని చంపుకున్నా, దేవుడు నన్ను క్షమించాడు అని. నేను చెప్తే ఏడ్చేవాళ్ళు. అది పట్టుకునే బతికా." నా మొహంలోకి చూశాడు. "ఆయన క్షమించింది మరి దేన్నిరా?"

జక్రయ్య బరువు దింపడానికి వచ్చాననుకున్నాను. ఆ బరువు మీదే ఆయన ఇల్లు కట్టుకున్నాడని నాకు తోచలేదు.

"స్టేషనుకు పోదాం," అన్నాడు నాన్న. "రాసిస్తాను. ఏ శిక్ష వేసినా సరే."

"స్టేషనోళ్ళు నాకేం చేస్తారయ్యా? ఆ ఏడాది తిరిగిస్తారా?" జక్రయ్య పలుపు తీసి పక్కన పెట్టాడు. "పుల్లమ్మ తమ్ముడు ఆరేళ్ళు నా గడప తొక్కలా. ఊరంతా మందిరానికి వస్తది. ఆయనా వస్తాడు. ఆదివారం రండి. ఈడు లేచి సాక్ష్యం చెప్పాల."

"మమ్మల్ని మాట్లాడనిస్తారా? మేం తురకోళ్ళం."

"నోరున్నోడెవడైనా చెప్పొచ్చు."

బయల్దేరేటప్పుడు నాన్న తుపాకీ కోసం చెయ్యి చాపాడు. జక్రయ్య ఇవ్వలేదు.

"ఇది ఉండనీ," అన్నాడు.

వీధి మలుపు తిరిగేదాకా గుర్రం పడే చప్పుడు వినబడుతూనే ఉంది.

ఆదివారం మందిరం నిండుగా ఉంది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, చాపల మీద. పాటలయ్యాక పాస్టరు గారు సాక్ష్యాలన్నారు. ఒకామె లేచి బిడ్డ జ్వరం తగ్గిన సంగతి చెప్పింది. ఆమె ముగించగానే అందరూ ఒక్క గొంతుతో "దేవునికి స్తోత్రం" అన్నారు. ఏ సాక్ష్యం తరవాతనైనా అది అనడం అక్కడి పద్ధతి.

తరవాత నేను లేచాను. నాన్న కూడా లేచి నా పక్కన నిలబడ్డాడు.

ఎంతో చక్కగా చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. లేచాక అవి పనికిరావని తెలిసింది. జరిగింది వరసగా చెప్పాను. నాన్న చెప్పిన అబద్ధాన్ని నాన్నే చెప్పాడు. ఆఖరున, మూడో వరసలో కూర్చున్న జక్రయ్య వైపు తిరిగాను. ఆ రోజు అప్పగించవలసినదాన్ని అప్పగించాను.

"బాబాయ్, సగం గాడి పనిచెయ్యట్లేదు. మందు కూరి అట్లా పెట్టొద్దు. వారం పోయాక తీసుకురా."

చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. బస్సు మెట్టు దగ్గర అంతకన్నా ఎక్కువసేపే నిలబడ్డాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. ఆడవాళ్ళ వైపు ఎవరో ఏడుస్తున్నారు. వెనక వరసలోంచి ఒక మనిషి లేచి బయటికి వెళ్ళిపోయాడు. పుల్లమ్మ తమ్ముడు ఆయనేనని తరవాత తెలిసింది. జక్రయ్య వైపు వెళ్ళలేదు, నా వైపూ రాలేదు.

నేను జక్రయ్య మొహం చూస్తూ నిలబడ్డాను. ఆరేళ్ళ కిందట ఆయన అన్నాడని నేను నాన్నకు చెప్పిన ఆ "సరే" కోసం ఎదురు చూస్తున్నానని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన అనలేదు. తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని, చూపుడువేలును తెరిచి, ముడిచి, తెరిచి, దాన్నే చూసుకుంటున్నాడు.

కూర్చోమని మాకెవరూ చెప్పలేదు. నాన్నా నేనూ నిలబడే ఉన్నాం.